ఒకటి నొక్కనివాళ్లు

మొన్న పొద్దున జనగామ బస్టాండులో టీ తాగుతుంటే జేబులో ఫోను మోగింది. ఎత్తాను. "నమస్కారం! మీ కోసం ఒక ముఖ్యమైన సమాచారం..." అని చక్కెర పాకంలో ముంచి తీసినట్టున్న ఒక ఆడగొంతు మొదలుపెట్టింది. వెనకాల సన్నగా వీణ. ఆ గొంతుకు ఊరు లేదు, ఇల్లు లేదు, ఎన్నడూ జలుబు చేయదు. నేను ఏమీ ఆలోచించలేదు. బొటనవేలు దానంతట అదే పోయి ఫోను పెట్టేసింది. నాలుగు సెకన్లు పట్టిందేమో. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ నాలుగు సెకన్ల సంగతి నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఒక మంచి మనిషి పేరు పాడైంది అందులోనే. పాడుచేసింది నేను.

ఆయన పేరు బానోతు బీక్యా. నెల కిందట భూపాలపల్లిలో చనిపోయారు. దినాల నాడు బొగ్గుబాయి క్వార్టర్ల ముందు టెంటు వేసి భోజనాలు పెట్టారు. ఒకప్పుడు తొర్రూరు వైపు నాలుగు కాలేజీలు నడిపిన డైరెక్టరుగారు, ఇప్పుడు బాగా ముసలివారు, కారులో వచ్చి ఫోటోకు దండ వేశారు. నలుగురూ వినేట్టు అన్నారు: "మంచివాడండీ పాపం. కాకపోతే మెషీన్ని గుడ్డిగా నమ్మేశాడు. ఆ ఒక్కసారి పిల్లల చదువులతో ఆడుకున్నట్టయింది." అక్కడున్నవాళ్లలో సగం మంది తలలూపారు. నేను ముందు వరసలో విస్తరి ముందు కూర్చున్నాను. ఆ మాట అబద్ధమని తెలిసిన మనుషులు ఆ టెంటు కింద ఇద్దరమే, ఒకరు డైరెక్టరు, ఇంకొకరు నేను. నేను తింటూనే ఉన్నాను. ముద్ద గొంతులో అడ్డం పడలేదు, మెత్తగా దిగింది. నా మీద నాకున్న కోపమంతా ఆ దిగిన ముద్ద మీదే. అందుకే ఇది రాస్తున్నాను.

తెలంగాణ రాష్ట్రం రాకముందు రెండు మూడేళ్ల మాట. అప్పటికి ఇవన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. నాకు ఇరవై ఆరేళ్లు. జనగామలో డిగ్రీ, హైదరాబాదులో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం దొరక్క తొర్రూరులో బీక్యన్న దగ్గర చేరాను. ఎరువుల దుకాణం మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, గంటకోసారి కరెంటు పోతే కుయ్యిమనే బ్యాటరీ. కింద నుంచి యూరియా, పురుగుమందుల వాసన మెట్లెక్కి వచ్చేది. బీక్యన్న వాళ్ల నాయిన భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. సొంతూరు నర్సింహులపేట దగ్గర ఒక తండా. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెంపరరీ పని చేస్తూ, స్తంభాలెక్కుతూ, పుస్తకాలు చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న మనిషి. బడులకు, కాలేజీలకు హాజరు, ఫీజులు, పరీక్షలు చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవారు. దానికి ఫోన్లు కలపడం ఆయన ప్రత్యేకత. లెక్చరర్ హాజరులో ఒక పేరు మీద గీత పెడితే చాలు, ఆ పిల్ల తల్లి ఫోనుకు మెసేజీ పోయేది. సెలవు, పరీక్ష, బందు ఏదైనా సరే, మా గదిలోంచి ఒక్క నొక్కుతో ఊళ్లన్నిటికీ కబురు పోయేది. ఆ రోజుల్లో అది మంత్రంలాగే ఉండేది.

అయితే ఆయన దాన్ని మంత్రమని ఒప్పుకోలేదు. నేను చేరిన వారానికే గొడవయింది. మెసేజీలు మోసుకుపోయే కంపెనీ సర్వరు నుంచి ప్రతిదానికీ "తీసుకున్నాం" అని జవాబు వచ్చేది. నేను దాన్ని తెర మీద "చేరింది" అని చూపించాను. బీక్యన్న కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

"ఏంది తమ్మీ గిది?"

"చేరిందన్నా. వాళ్ల సర్వరే చెప్తుంది."

"పోస్టు డబ్బల ఉత్తరం ఏసినవ్. డబ్బ దాన్ని మింగింది. చేరినట్టేనా?"

"మరెట్ల తెలుస్తది?"

"అడిగితె తెలుస్తది. నోరుంది గద."

అప్పటి చిన్న ఫోన్లలో తెలుగు అక్షరాలు పంపితే డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపితే తండాల్లో చదివేవాళ్లు లేరు. చదవగలిగిన ఒక్క పిల్ల కాలేజీలో ఉండేది, ఫోనేమో తల్లి కొంగున ఉండేది. అందుకని ఆయన ఫోను లైనును కంప్యూటరుకు కలిపి, గొంతు రికార్డు చేసి పంపే ఏర్పాటు చేశారు. ఆ గొంతు ఆయనదే. మొదట తెలుగులో, వెంటనే తమ లంబాడీ భాషలో. స్టూడియో ఏమీ లేదు. మధ్యాహ్నం ఎరువుల దుకాణం మూసి ఉన్నప్పుడు, కిటికీకి దుప్పటి కట్టి మాట్లాడేవారు. ముందు ఒక దగ్గు, తర్వాత, "నేను బీక్యాను మాట్లాడుతున్న, తొర్రూరు కాలేజి కెల్లి. మీ బిడ్డ ముచ్చటనే. జర ఫోన్ పెట్టెయ్యకుండ్రి." తర్వాత అసలు సంగతి. చివర, "ఇన్నరు గద, ఒకటి నొక్కుండ్రి. నొక్కకపోతె నేనే మల్ల ఫోన్ జేస్త." ఆ దగ్గు తీసేద్దామని నేనొకసారి అంటే ఒప్పుకోలేదు. "దగ్గు ఉండనీ. మనిషని తెలుస్తది," అన్నారు.

తెర మీద ఆయన పెట్టిన రంగులు మూడు. మనం పంపితే పసుపు. అవతల ఫోను ఎత్తితే నీలం. ఒకటి నొక్కితేనే పచ్చ. రోజూ సాయంత్రం ఐదింటికి కాలేజీ వదిలేసరికి, పచ్చగా మారని పేర్లన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో చేత్తో రాసుకునేవారు. దానికి పైన "ఒకటి నొక్కనోళ్లు" అని రాసి ఉండేది. వాళ్లకు ఒక్కొక్కరికీ తానే ఫోను చేసేవారు. ఎత్తకపోతే తండాలోని కిరాణా దుకాణానికి, దుకాణం మూసి ఉంటే వాళ్ల మేనమామకు. ఎవరూ దొరక్కపోతే మర్నాడు పొద్దున బండి తీసేవారు. కంప్యూటరు పెట్టుకున్నది ఈ తిరుగుడు తప్పించుకోవడానికి కదా అని నాకు నవ్వొచ్చేది. ఆయనకు కంప్యూటరు ఉన్నది ఎవరింటికి తిరగాలో చెప్పడానికి.

ఉద్యమం ఊపులో ఉంది. తొర్రూరు చౌరస్తాలో రోజూ వంటావార్పు, రాస్తారోకో, ఆటపాట. నేనూ పోయేవాణ్ని. "మా యాసను ఎక్కిరించెటోళ్లకు బుద్ధి చెప్తం" అని మైకులో అరిచిన నోరు నాది. బీక్యన్న కూడా వచ్చి వెనక నిలబడేవారు, మైకు పట్టుకునేవారు కాదు. ఒకసారి నేను దిగిరాగానే భుజం తట్టి, "మంచిగ మాట్లాడినవ్ తమ్మీ. గీ మాట మన ఆఫీసుల గూడ యాదికుంచుకో," అని నవ్వారు. అది ఎత్తిపొడుపని నాకు అప్పుడు తెలియలేదు. నేను హైదరాబాదులో కోర్సు చేసినప్పుడు మా బ్యాచీలో నా మాటకు నవ్వారు. అప్పటి నుంచి ఫోనులో బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు నా గొంతు మారిపోయేది. "వచ్చిన" అనే నేను "వచ్చానండి" అనేవాణ్ని. ఆయన దాన్ని రోజూ పక్క కుర్చీలోంచి వింటూనే ఉన్నారు.

ఆ మాఘంలో సమ్మెతో బొగ్గుబాయిల్లో పని ఆగింది. జీతాల్లేవు, దానికితోడు వాళ్ల నాయినకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. బీక్యన్న భూపాలపల్లి పోయారు. పోయేముందు నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "ఐదు గంటలు మర్వకు," అన్నారు. అంతే.

రెండో రోజు డైరెక్టరుగారు పిలిపించారు. కొత్త కాలేజీ తెరుస్తున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్లు ఎవరో వచ్చి కూర్చున్నారు. వాళ్ల ముందు మా ఫోను వ్యవస్థను చూపించమన్నారు. స్పీకరులో దగ్గు వినబడింది, తర్వాత "నేను బీక్యాను మాట్లాడుతున్న". వచ్చినవాళ్లలో ఒకాయన పగలబడి నవ్వాడు.

డైరెక్టరుగారికి మొహం చెల్లలేదు. "ఏంటయ్యా ఇది? కాలేజీ నుంచి ఫోనా, కల్లు దుకాణం నుంచా? మనక్కూడా ఓ పరువుంటుంది కదా. హైదరాబాదులో చక్కటి అమ్మాయి చేత చెప్పించి పంపిస్తాను, అది పెట్టు. ఆ ఒకటి నొక్కుడూ రెండు నొక్కుడూ తీసెయ్. ఫోనెత్తితే అందినట్టే కదా? రంగు మార్చు."

ఇక్కడ ఆగి నిజం చెప్పాలి. ఆయన నన్ను బెదిరించలేదు. "బీక్యన్నను అడిగి చెప్తాను సార్" అంటే "సరే అడుగు" అనేవారేమో. నేను అడగలేదు. ఆ వచ్చినాయన నవ్వినప్పుడు గదిలో ఇంకో నవ్వు కూడా వినబడింది. అది నాది. పొద్దున చౌరస్తాలో జెండా పట్టుకున్న చెయ్యితోనే ఆ మధ్యాహ్నం బీక్యన్న గొంతు తీసేసి, హైదరాబాదు నుంచి మెయిల్లో వచ్చిన వీణ గొంతు పెట్టాను. లంబాడీ భాష మొత్తం పోయింది. ఒకటి నొక్కమనే మాట తీసేశాను. నీలాన్ని పచ్చ చేశాను. గంట పని. బీక్యన్నకు ఫోను చేసి చెప్పలేదు. డైరెక్టరుగారు భుజం మీద చెయ్యేసి, "కొత్త కాలేజీకి ఒక కంప్యూటర్ ఇన్‌ఛార్జి కావాలయ్యా," అన్నారు. అది బెదిరింపు కన్నా బాగా పనిచేసింది.

ఇంటర్ సెకండియర్ పిల్లలకు ప్రాక్టికల్స్ గురువారం ఉన్నాయి. సోమవారం సాయంత్రం గురు, శుక్రవారాలు బందని పిలుపొచ్చింది. ప్రాక్టికల్స్ ఒక రోజు ముందుకు, బుధవారానికి జరిపారు. పిల్లలు ఆ వారం ఇళ్ల దగ్గరే చదువుకుంటున్నారు. కబురు మా మీదే. ఆ రోజుల్లో గుంపుగా పంపే మెసేజీలను సర్కారు ఎప్పుడుపడితే అప్పుడు ఆపేసేది, అవీ పోవడం లేదు. మిగిలింది ఫోను. మంగళవారం పొద్దున కొత్త తేదీని హైదరాబాదు నుంచి ఆ గొంతులోనే చెప్పించి తెప్పించుకుని నొక్కాను. ఒక్కొక్క గడీ పచ్చబడుతుంటే వరి మడిలా ఉంది తెర. పదకొండు గంటలకల్లా అంతా పచ్చే. సాయంత్రం ఐదయింది. నోటుపుస్తకం తెరిచాను. రాయడానికి ఒక్క పేరు లేదు. సంతోషంగా తాళమేసి పోయాను.

బుధవారం పదకొండు మంది రాలేదు. అందరూ తండాల పిల్లలే.

ఎవరు చెప్పారో, మధ్యాహ్నానికి బీక్యన్నకు తెలిసింది. భూపాలపల్లి నుంచి బండి మీద బయలుదేరి పొద్దుగూకక ముందే తొర్రూరు చేరారు. బట్టల నిండా దుమ్ము. "కూసో," అని బండి వెనక చూపించారు. నర్సింహులపేట దాటి మొదటి తండా. సునీత అనే పిల్ల ఇల్లు. క్లాసులో లెక్కల్లో మొదటి పేరు ఆ పిల్లదే. ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది, మిరపకాయల మంట తగ్గడానికి చేతులకు నూనె రాసుకుంటూ.

"అక్కా, నిన్న ఫోన్ వచ్చిందా?" అన్నారు బీక్యన్న.

"వచ్చింది. పాటలమ్మేటామె మాట్లాడింది. పెట్టేసిన."

"పాటలమ్మేటామెనా?"

"గదే, నమస్కారం నమస్కారం అని ఫోన్ల రింగుపాట పెట్టుకొమ్మంటది సూడు. మొన్న గట్లనే ఇంటే ముప్పై రూపాలు కోసిన్రు ఫోన్ల కెల్లి. గప్పటి సంది ఆ గొంతు ఇంటే పెట్టేస్తున్న. మా తండల అందరం గంతే." ఆమె తలెత్తి చూసింది. "నీ గొంతు గాదు గద బీక్యా. నీది అయితె దగ్గంగనే ఎర్కవడ్తది. ఇంటుంటి."

సునీత బందు వల్ల గురువారం పరీక్ష ఉండదనుకుని, చిన్నమ్మతో ఖమ్మం వైపు మిరపకాయ ఏరడానికి లారీలో పోయింది. వెంట ఫోను లేదు.

బీక్యన్న నా వైపు తిరిగారు. "ఎవల గొంతు పెట్టినవ్ తమ్మీ?"

నేను చెప్పిన జవాబు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "డైరెక్టర్ సార్ మార్పిచ్చిండన్నా. నీకు చెప్పిండనుకున్న." ఆయన బండి తిప్పి, "సరే. ఎక్కు," అన్నారు.

పరీక్ష పెట్టే ఆయన మంచివాడు. శుక్రవారం మధ్యాహ్నంలోగా వస్తే రాయిస్తానన్నాడు. బందులో బస్సుల్లేవు. బీక్యన్న చౌరస్తాలో ఉద్యమం పిల్లల దగ్గరికే పోయి, బతిమాలి, ఒక ట్రాక్టరుకు జెండా కట్టించి పది మందినీ తెచ్చారు. పదకొండో పిల్ల దొరకలేదు. ఖమ్మం అవతల ఏ చేనులో ఉందో తెలుసుకునేసరికి శనివారమయింది. సునీతకు ఏడాది పోయింది. తర్వాత ఆమె కాలేజీకి తిరిగి రాలేదు.

సోమవారం కాలేజీలో తల్లిదండ్రులు గొడవకు వచ్చారు. డైరెక్టరుగారు ఒక కాగితం పట్టుకుని చూపించారు. పదకొండు పేర్ల ముందూ "అందింది" అని ఉంది. నేను ప్రింటు తీసిచ్చిన కాగితమే. "మా వైపు నుంచి సమాచారం వెళ్లిందండీ. లోపం ఏదైనా ఉంటే సాఫ్ట్‌వేరు చేసినాయన చెప్పాలి," అని బీక్యన్నను చూపించారు. సునీత నాయిన ముందుకొచ్చాడు. బీక్యన్న అంగీ కాలరు పట్టుకుని నిలబడ్డాడు.

బీక్యన్న చేతులు జోడించారు. "మిషన్ నాది. నా మనిషి నడిపిండు. తప్పు నాదే బావా," అన్నారు.

నేను ఆయన వెనకే, రెండడుగుల దూరంలో ఉన్నాను. నా పేరు చెప్పలేదు ఆయన. చెప్పడానికి నాకు చోటు వదిలారు. ఎంతసేపు వదిలారో ఇప్పుడు తెలుస్తుంది. కాలరు వదిలేదాకా, జనం కదిలేదాకా, గేటు దాకా. నేను నోరు తెరవలేదు. నెల తిరిగేలోపు కాలేజీలు ఆయన పని మానిపించాయి, బడులూ మానిపించాయి. గది ఖాళీ చేసి భూపాలపల్లి పోయారు. నేను కొత్త కాలేజీలో ఇన్‌ఛార్జినయ్యాను. రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి పంచాను. మా యాస గెలిచిందని ఉపన్యాసం కూడా చెప్పాను. ఆ ఉపన్యాసం గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక్కసారే కలిశాను. భూపాలపల్లి కొత్త జిల్లా అయ్యాక పనిమీద అక్కడికి పోతే, క్వార్టర్ల దగ్గర ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణంలో కనబడ్డారు. టీ తెప్పించారు. నేను గొప్పగా చెప్పాను, ఇప్పుడు యాప్ ఉందన్నా, నోటిఫికేషన్ ఒక్కసారి కొడితే వేల ఫోన్లకు పోతుంది అని.

"పోతది," అన్నారు, ఎవరిదో ఫోను మూత తిప్పుతూ. "నొక్కనోళ్లను ఎవలు సూస్తున్నరు?"

ఆయన రెండోసారి అడగలేదు. "టీ తాగు, సల్లారుతది," అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు, ఆ మధ్యాహ్నం నవ్వింది నేనేనని. తాగి లేచి వచ్చాను.

దినాల నాడు చేతులు కడుక్కుంటుంటే ఆయన భార్య ఒక సంచి తెచ్చిచ్చారు. "రవి వస్తె గిది ఇయ్యిమన్నడు," అన్నారు. లోపల ఆ పొడుగు నోటుపుస్తకం. చివరగా రాసిన పేజీలో ఆ పదకొండు పేర్లు. పరీక్షకు అందిన పది పేర్ల పక్కన టిక్కు ఉంది. నంబర్లు మారినప్పుడల్లా కొట్టేసి కొత్తవి రాశారు, ఏళ్ల తరబడి, సిరా రంగులు మారుతూ. సునీత పేరు పక్కన నాలుగు నంబర్లు కొట్టేసి ఉన్నాయి, ఐదోది ఉంది. టిక్కు లేదు.

డైరెక్టరుగారికి ఈ సంగతి ఉత్తరంలో రాసి పంపాను. జవాబు రాలేదు, రాదు. ఆయన అబద్ధం ఆయనది. కానీ దానికి సాక్ష్యంగా ప్రింటు తీసిచ్చిన చెయ్యి నాది. మొన్న టీ కొట్టు దగ్గర నుంచి ఇంటికొచ్చి, ఐదు గంటలకు పుస్తకం తెరిచాను. పది ఇళ్లకూ చేశాను. "నేను జనగామ కెల్లి రవీందర్‌ను మాట్లాడుతున్న. బీక్యన్న ముచ్చట. జర ఫోన్ పెట్టెయ్యకుండ్రి." గొంతు మార్చుకోలేదు. కొందరు విన్నారు, కొందరు తిట్టారు, ఒక ముసలాయన ఏడ్చాడు. చివరికి సునీత ఎత్తింది. వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు. మొత్తం చెప్పాను, గొంతు మార్చింది నేను, రంగు మార్చింది నేను, వెనక నిలబడి నోరు మూసుకున్నది నేను. చివరిదాకా వింది.

"మా యాడి ఎప్పుడో చెప్పింది గొంతు మారిందని," అంది, తల్లిని తలుచుకుంటూ. "బీక్యా మామ ఏటేటా ఫోన్ జేసి ఫీజు కడ్త, చదువు అనెటోడు. నేను వద్దంటుంటి. ఆయన మీద కోపమే ఉండె నాకు, ఆయన ఒప్పుకున్నడని. ఇప్పుడా చెప్పేది? ఆయన పోయినంకనా?"

ఫోను పెట్టేసింది.

నేను రంగు మార్చిన తెర మీద అయితే అది పచ్చే. ఎత్తింది, విన్నది, అయిపోయింది. నేను పెన్ను తీసి, ఆయన రాసిన పేజీ తర్వాత, కొత్త పేజీలో తేదీ వేసి సునీత పేరు రాశాను. నిన్న ఐదింటికి చేశాను, ఎత్తలేదు. ఇవాళ ఇది రాస్తుండగా నాలుగున్నర అవుతోంది.